సెలవు చీటీ వెనక

ప్రాక్టీసు మొదలుపెట్టిన మూడో ఏడు. విజయవాడ సూర్యారావుపేటలో ఒక అద్దె గదిలో కూర్చునేదాన్ని. ఒకరోజు సాయంత్రం ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చారు. నలభై దాటిన మనిషి. రెండు నెలలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. అన్నం రుచించడం లేదు. కౌంటర్లో నోట్లు లెక్కపెడుతూ మధ్యలో అంకె మర్చిపోయి, మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెడుతున్నారు. "నేను పనికిరాకుండా పోయానండీ" అన్నారు, నా మొహం చూడకుండా, బల్ల మీది పెన్నుల వంక చూస్తూ. జబ్బు డిప్రెషన్ అని తేల్చడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. మందు రాశాను. ముప్ఫై రోజుల సెలవుకి సర్టిఫికెట్ ఇచ్చాను. "పూర్తిగా విశ్రాంతి తీసుకోండి, ఏ పనీ పెట్టుకోకండి, నెల తర్వాత కనిపించండి" అని చెప్పి పంపాను. ఆ మాట దయగానే చెప్పాను.

పంతొమ్మిదో రోజున ఆయన భార్య ఆటోలో తీసుకొచ్చింది. స్నానం చేసి ఆరు రోజులైందట. మంచం దిగడం లేదు, పిల్లలు పలకరిస్తే బదులు లేదు. "ఆఫీసుకెళ్ళే రోజుల్లో కనీసం లేచి చొక్కా తొడుక్కునేవారు డాక్టరమ్మ గారూ" అంది ఆవిడ. ఆయనతో విడిగా మాట్లాడితే అసలు సంగతి బయటపడింది. చచ్చిపోవాలన్న ఆలోచన వారం రోజులుగా తిరుగుతోంది. అదీ రాత్రిపూట కాదు. పిల్లలు బడికీ, భార్య బజారుకీ వెళ్ళాక, పదకొండు గంటల వేళ, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు. ఆ రోజే ఆసుపత్రిలో చేర్చాం. కోలుకోవడానికి రెండు నెలలు పట్టింది.

ఆయన మందు వేళకే వేసుకున్నారు. మందు ఎంపికలోనూ పొరపాటు లేదు. ముప్ఫై రోజుల సెలవని రాసి, ఆ ముప్ఫై రోజులూ పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం చెయ్యాలో రాయకపోవడం నా తప్పు. అలాంటి మనిషిని నెల తర్వాత రమ్మనడం ఇంకా పెద్ద తప్పు. ఆ తర్వాత నేను సెలవు రాసిన ఎవర్నీ వారం దాటి చూడకుండా వదల్లేదు.

(ఇక్కడ నేను చెప్పే రోగుల ఊళ్ళు, వయసులు, ఇంటి వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను. జరిగిన సంగతి మార్చలేదు.)

ఒంటికి జబ్బు చేస్తే పడుకోబెట్టి పథ్యం పెట్టడం మనకి తరతరాల అలవాటు. జ్వరానికి అది బాగానే పనిచేస్తుంది. దిగులు జబ్బు దగ్గర తిరగబడుతుంది. ఈ జబ్బు మొదట చేసే పని, మనిషికి ఇష్టమైనవాటిలో రుచి తీసెయ్యడం. రుచి లేదు కాబట్టి మనిషి వాటికి దూరమవుతాడు. దూరమయ్యేసరికి రోజులో వచ్చే చిన్న చిన్న ఊరటలు కూడా ఆగిపోతాయి. టీ కొట్టు దగ్గర ఎవరో "ఏం గురూ" అనడం, బస్సు దొరికిందన్న తృప్తి, ఒళ్ళు అలిసి పట్టే నిద్ర, ఇవన్నీ. ఇవి ఆగితే దిగులు ఇంకా పెరుగుతుంది. అప్పుడు మనసు "చూశావా, నీవల్ల ఏదీ కాదు" అని రుజువు చూపిస్తుంది. ఉద్యోగం ఎంత బాధపెట్టినా, మనిషిని మంచం దించి, బట్టలు కట్టించి, నలుగురిలోకి నడిపిస్తుంది. సెలవు ఆ పనుల భారాన్నీ తీసేస్తుంది, ఆ నడిపించే చేతినీ తీసేస్తుంది.

ఇది నేను కనిపెట్టింది కాదు. నాకంటే ముందు వైద్యులు ఇంతకంటే పెద్ద తప్పులు చేశారు. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో, ఫిలడెల్ఫియాలో, సైలాస్ వియర్ మిచెల్ అనే పేరుమోసిన నరాల వైద్యుడు 'విశ్రాంతి చికిత్స' చేసేవాడు. వారాల తరబడి మంచం మీదే ఉంచడం, బలమైన తిండి, చదువూ రాతా బంద్. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ అనే రచయిత్రి 1887లో ఆ చికిత్స తీసుకుని మరింత కుంగిపోయింది. ఆ అనుభవంలోంచే 1892లో 'ది ఎల్లో వాల్‌పేపర్' కథ వచ్చింది.

నన్ను ఇంకా ఎక్కువ కదిలించింది ఆస్ట్రియాలోని ఒక చిన్న ఊరి సంగతి. వియన్నాకి దగ్గరలో మరియెంథాల్ అని ఒక ఊరు. ఊరంతా ఒక బట్టల మిల్లు మీద బతికేది. ఆర్థిక మాంద్యంలో మిల్లు మూతబడి చాలా ఇళ్ళల్లో ఉద్యోగం పోయింది. మరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ తమ బృందంతో ఆ ఊరి జీవితాన్ని దగ్గర్నుంచి గమనించి 1933లో పుస్తకం వేశారు. పని లేదు కాబట్టి జనానికి తీరిక దొరికింది, బాగా చదువుతారు అనుకుంటాం కదా. గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకెళ్ళేవాళ్ళు బాగా తగ్గిపోయారు. చాలామంది మగవాళ్ళు వాచీ పెట్టుకోవడం మానేశారు. వీధిలో వాళ్ళ నడక వేగం కూడా కొలిచి చూశారు. మగవాళ్ళు నెమ్మదిగా, అడుగడుక్కీ ఆగుతూ నడిచారు. ఆడవాళ్ళు మాత్రం గబగబా నడిచారు. వాళ్ళకి మిల్లులో పని పోయింది గానీ ఇంట్లో పని పోలేదు. ఉద్యోగం పోవడం వేరు, సెలవు పెట్టడం వేరు, నాకు తెలుసు. కానీ ఖాళీ రోజు మనిషిని ఏం చేస్తుందన్న విషయంలో ఆ ఊరి వీధికీ, నా రోగుల పడగ్గదులకీ నాకు పెద్ద తేడా కనిపించలేదు.

అందుకే ఇప్పుడు సెలవు రాసిన చీటీ వెనక్కి తిప్పి, అక్కడ రోజు ఎలా గడపాలో రాస్తాను. దాన్ని మా శాస్త్రంలో బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. ఉత్సాహం వచ్చేదాకా ఆగకుండా, ముందు చిన్న పని మొదలుపెట్టించే పద్ధతి అది. చదవడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఆచరణలో ఎంత కష్టమో ఒక అబ్బాయి నాకు నేర్పాడు.

ముప్ఫై మూడేళ్ళ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. హైదరాబాదు గచ్చిబౌలిలో ఉద్యోగం. మూడు నెలల సెలవు పెట్టి ఉయ్యూరు దగ్గర తల్లిదండ్రుల ఇంటికి వచ్చాడు. మొదటి నెల జీతంతో, మిగతా రెండు నెలలు లాస్ ఆఫ్ పే. వచ్చిన ఐదో వారంలో తండ్రి నా దగ్గరికి తీసుకొచ్చారు. తెల్లవారుజాము నాలుగింటికి నిద్రపోయి మధ్యాహ్నం పన్నెండుకి లేస్తున్నాడు. ఆ రాత్రంతా ఫోన్లో ఆఫీసు గ్రూపు సందేశాలు చదువుతున్నాడు. సెలవులో ఉన్నాడు కాబట్టి వాటికి జవాబు ఇవ్వడు, కానీ చదవకుండా ఉండలేడు. తన పని ఎవరికి ఇచ్చారో, తను లేకపోయినా ఎలా నడిచిపోతోందో చూసుకుంటున్నాడు.

అసలు బాధ వేరే. వాళ్ళమ్మ వీధిలో అందరికీ "మా వాడికి వర్క్ ఫ్రమ్ హోమ్" అని చెప్పింది. ఇంకో ఏడాదిలో పెళ్ళి చెయ్యాలి, సంబంధాలు చూస్తున్నారు. అందుకని ఈ అబ్బాయి లేచాక లాప్‌టాప్ తీసుకుని వరండాలో కూర్చునేవాడు, ఎదురింటివాళ్ళకి కనబడేలా. దాన్ని ఆన్ చేసేవాడు కాదు. సాయంత్రం ఆరింటికి మూసి లోపలికి వెళ్ళేవాడు. "సెలవులో కూడా ఉద్యోగమే చేస్తున్నాను మేడమ్, నటించే ఉద్యోగం" అన్నాడు. వాళ్ళమ్మ పక్కనే ఉంది. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడనీ తప్పుపట్టలేను. కొడుకు పరువు కాపాడుతున్నాననుకుంది.

చీటీ వెనక నేను రాసింది ఇంతే. ఆరున్నరకి లేవాలి, రాత్రి ఎప్పుడు పడుకున్నా సరే. లేచిన గంటలోపు ఎండలో కాలవగట్టు మీద ఇరవై నిమిషాలు నడవాలి. పగలు మంచం ఎక్కకూడదు. రోజూ చేతులతో చేసే పని ఒకటి, ఒక మనిషిని కలిసే పని ఒకటి. ఆఫీసు గ్రూపు మ్యూట్ చెయ్యడం కాదు, సెలవయ్యేదాకా ఫోన్లోంచి తీసెయ్యాలి. వీధిలో ఒక్కరికైనా, అమ్మ ఒప్పుకున్నవాళ్ళకి, నిజం చెప్పాలి. వాళ్ళ బాబాయిని ఎంచుకున్నారు. లాప్‌టాప్ బీరువాలోకి వెళ్ళింది.

మొదటి వారం ఏడు రోజుల్లో మూడు రోజులే నడిచాడు. వచ్చి తల దించుకుని కూర్చున్నాడు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఇదే. వాళ్ళు మన పట్టికని కూడా పరీక్ష పేపరు చేసుకుని అందులో ఫెయిలవుతారు. ఆ మూడు రోజుల గురించే అడిగాను. మూడో రోజు గట్టు మీద పాత క్లాస్‌మేట్ ఒకడు గేదెలని తోలుకెళ్తూ కనిపించి పది నిమిషాలు మాట్లాడాడట. నాలుగో రోజు మళ్ళీ కనబడతాడేమో, ఏం చేస్తున్నావని అడుగుతాడేమో అన్న భయంతో వెళ్ళలేదట. నడక భారమై ఆగిపోలేదన్న మాట. ప్రశ్న భయపెట్టింది. ఏం చెప్పాలో ఇద్దరం కూర్చుని ఒక వాక్యం తయారు చేశాం: "ఒంట్లో బాగోలేదురా, మందులు వాడుతున్నా, కొన్నాళ్ళు ఇక్కడే." ఈ వాక్యాన్ని గదిలో నా ముందు నాలుగుసార్లు పలికించాను. రెండో వారం ఐదు రోజులు నడిచాడు.

దిగులుతో పాటు అతనికి ఆందోళన కూడా ఉంది. రెండూ కలిసి రావడం చాలా మామూలు. రాత్రంతా ఆలోచనలు తిరగలిలా తిరిగేవి. ఆలోచించొద్దని చెప్తే ఎవరూ మానలేరు. అందుకని ఆలోచనకి ఒక వేళ పెట్టమన్నాను. సాయంత్రం ఐదు నుంచి ఐదూ ఇరవై దాకా, ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను. మిగతా వేళల్లో ఏ బెంగ వచ్చినా "సాయంత్రం చూద్దాం" అని వాయిదా వెయ్యాలి. తొమ్మిది రోజుల తర్వాత ఆ పుస్తకం తెచ్చాడు. పేజీలకి పేజీలు. ఇద్దరం చదువుతూ ఒక్కో బెంగకీ ఒక్కో రంగు గీత పెట్టాం. చివరికి తేలింది నాలుగే రంగులు. తొమ్మిది రోజులూ అవే నాలుగు రకరకాల వాక్యాల్లో తిరిగొచ్చాయి. అందులో మూడు ఊహలు. ఒకటి మాత్రం నిజం, హోమ్ లోన్ వాయిదా. దానికి నా దగ్గర మందు లేదు. తండ్రీకొడుకులు పాస్‌బుక్కు ముందు పెట్టుకుని ఒక ఆదివారం లెక్క వేసుకున్నారు. తండ్రి పెన్షన్‌లోంచి రెండు నెలలు సర్దడానికి ఒప్పుకున్నారు. ఆ రాత్రి అబ్బాయి పదకొండుకే నిద్రపోయాడని మర్నాడు వాళ్ళమ్మ ఫోన్ చేసింది.

మందు మాట ఇక్కడే చెప్పాలి. డిప్రెషన్ మందులు వేసుకున్న రోజే పనిచెయ్యవు. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు వారాల దాకా పడుతుంది. మొదటి వారం కడుపులో తిప్పడం, కాస్త అలజడి ఉండవచ్చు. చాలామంది సరిగ్గా అప్పుడే మానేస్తారు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదు. ఇంకొక సంగతి ఇంట్లోవాళ్ళు తెలుసుకోవాలి. కొందరిలో మనసు తేలికపడేలోపే ఒంట్లో ఓపిక వస్తుంది. చావు ఆలోచనలు ఉన్న మనిషిని ఆ మొదటి వారాల్లో, ముఖ్యంగా పాతికేళ్ళలోపు వాళ్ళని, ఒంటరిగా వదలకూడదు.

ఆ అబ్బాయి పదకొండో వారంలో డ్యూటీలో చేరాడు.

మగవాడి సెలవు ఖాళీ అయితే, ఆడమనిషి సెలవు మన ఇళ్ళల్లో సెలవే కాదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచరమ్మ ఒకావిడ, నలభై ఏడేళ్ళు. క్లాసులో పాఠం మధ్యలో ఏడుపు వచ్చి పిల్లల ముందే బోర్డు వైపు తిరిగి నిలబడిపోయిందట. హాఫ్ పే లీవ్ పెట్టింది. ఏడాదికి 20 రోజుల చొప్పున జమవుతూ, వాడకుండా మిగిలిన సెలవులు ఆవిడకి ఎన్నో ఉన్నాయి. మూడు వారాల సెలవు గడిచాక నా దగ్గరికి వచ్చేసరికి, సెలవు పెట్టినప్పటికంటే నీరసించిపోయి ఉంది. రోజు ఎలా గడుస్తోందో గంట గంటకీ చెప్పమన్నాను. పొద్దున ఐదింటికి మొదలుపెట్టింది. పక్షవాతంతో మంచాన పడిన అత్తగారికి అన్నీ తనే. ఇదివరకు పగలు చూసుకోవడానికి ఒక ఆయా వచ్చేది. "టీచరు గారు ఇంట్లోనే ఉంటున్నారుగా" అని ఆయాని మాన్పించారు. ఇంటర్ చదివే కూతురుకి క్యారేజీ. ఆడపడుచు వాళ్ళు పెళ్ళి పనులకి వచ్చి వారం ఉన్నారు. ప్రతివాళ్ళ నోటా ఒకటే మాట, "ఎలాగూ సెలవులోనే ఉన్నావుగా."

పరీక్షలు చేయిస్తే టీఎస్‌హెచ్ 31 ఉంది. 5 దాటితేనే ఆలోచించాలి. థైరాయిడ్ తగ్గితే మనిషి అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది, ఉన్న డిప్రెషన్ కూడా లొంగదు. దిగులని వచ్చిన ప్రతివారికీ థైరాయిడ్, రక్తం శాతం, బీ12, షుగరు చూడకుండా నేను ముందుకు వెళ్ళను. రెండు మందులూ మొదలుపెట్టాను. కానీ అసలు చికిత్స ఆవిడ భర్తకి చెయ్యాల్సి వచ్చింది.

ఆయనకి ఎరువుల కొట్టు. మంచాయనే. చీటీ వెనక ఈసారి ఆయన పేరు రాశాను. ఆయాని మళ్ళీ పెట్టాలి. రోజూ నాలుగు నుంచి ఆరు దాకా టీచరమ్మ ఇంట్లో ఉండకూడదు, ఆ రెండు గంటలూ అమ్మని ఆయన చూసుకోవాలి. "ఆ రెండు గంటలూ ఎక్కడికెళ్తుంది మేడమ్?" అని ఆయనే అడిగారు, ఆవిడ పక్కన ఉండగా. ఆవిడ చాలాసేపు ఆలోచించింది. ఇరవై నాలుగేళ్ళ సంసారంలో ఆ ప్రశ్న ఆవిడని ఎవరూ అడిగినట్టు లేదు. చివరికి శాఖా గ్రంథాలయం అంది. చదవడానికి మనసు నిలవదని తెలుసు. చదవక్కర్లేదు, కూర్చుంటే చాలన్నాను. మొదట్లో పత్రికల్లో బొమ్మలు చూసి వచ్చేది. నెల గడిచేసరికి లైబ్రేరియన్‌తో కలిసి పాత పుస్తకాలకి అట్టలు వెయ్యడం మొదలుపెట్టింది. ఆయనేమో ఒకరోజు నాతో, "అమ్మకి పక్క మార్చడం ఇంత కష్టమని నాకు తెలీదు మేడమ్" అన్నారు. నేను విన్న పశ్చాత్తాపాల్లో అంతకన్నా నిజమైనది లేదు.

సర్టిఫికెట్ల గురించి ఒక మాట. "డిప్రెషన్ అని రాయకండి మేడమ్, టైఫాయిడ్ అని రాయండి" అని నన్ను అడగని నెల లేదు. పచ్చకామెర్లు, నడుం నొప్పి కూడా అడుగుతారు. ఎందుకు అడుగుతారో నాకు అర్థమవుతుంది. మనసు జబ్బు పేరు ఒకసారి ఫైల్లోకి ఎక్కితే ప్రమోషన్ దాకా వెంటాడుతుందని భయం. అయినా నేను అబద్ధం రాయను. దానివల్ల రేపు ఇబ్బంది పడేది వాళ్ళే. పైగా ఆ టైఫాయిడ్‌ని మోస్తూ బతకడం ఇంకో నటన. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచే హక్కు ఇచ్చింది. ఒంటి జబ్బులతో సమానంగా మానసిక చికిత్సకీ బీమా ఇవ్వాలని కూడా అదే చట్టం చెప్పింది. ఫ్యాక్టరీల్లో, చిన్న కంపెనీల్లో ఈఎస్ఐ ఉన్నవాళ్ళకి జబ్బు సెలవులో ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. ఇది తెలియక జీతం పోతుందన్న భయంతో చికిత్సకే రానివాళ్ళని చూశాను. 2015-16లో మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, డిప్రెషన్ ఉన్న ప్రతి వందమందిలో 85 మంది దాకా చికిత్స అందనివాళ్ళే ఉన్నారు. ఆ 85 మందిలో ఎంతమంది టైఫాయిడ్ పేరుతో ఇంట్లో పడుకుని ఉన్నారో.

ఆందోళన జబ్బులో సెలవు చేసే కీడు ఇంకో రకం. దాన్ని ఆర్టీసీ డ్రైవరు ఒకాయన దగ్గర స్పష్టంగా చూశాను. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఒక రాత్రి హైవే మీద బైకు ఒకటి అడ్డంగా దూసుకొచ్చింది. బ్రేకు తొక్కారు, ఎవరికీ ఏమీ కాలేదు. పది రోజుల తర్వాత ఒక స్టాపులో బండి ఆపి ఉండగా ఉన్నట్టుండి గుండె దడ, చేతులు చెమటలు, ఊపిరి అందకపోవడం, ప్రాణం పోతోందన్న భయం. కండక్టరు ఆటోలో ఆసుపత్రికి చేర్చాడు. ఈసీజీ బాగుంది. టూడీ ఎకో బాగుంది. టీఎమ్‌టీ బాగుంది. గ్యాస్ అన్నారు ఒకరు, నరాల వీక్‌నెస్ అన్నారు ఒకరు. రాత్రికి ఒక అల్ప్రాజోలం మాత్ర రాశారు. నలభై ఐదు రోజులు సెలవు పెట్టారు.

గుండె జబ్బు కాదని తెలిసినా ఆయనకి నమ్మకం కలగలేదు. మళ్ళీ వస్తుందేమోనని బైకు మానేశారు. తర్వాత రోడ్డు దాటడం మానేశారు. నా దగ్గరికి వచ్చేటప్పటికి బాత్రూమ్ గడియ పెట్టుకుని స్నానం చెయ్యడానికి కూడా భయమే. భయపడిన ప్రతిచోటునీ వదులుకున్నకొద్దీ వెంటనే హాయిగా ఉంటుంది. ఆ హాయి వల్లే భయం నిజమేనని మనసు నమ్ముతుంది. సెలవు పొడిగించినకొద్దీ ఆయన లోకం చిన్నదైపోయింది. "ఇంకో రెండు నెలలు రాయండమ్మా" అని చేతులు జోడించారు. పది రోజులే రాశాను. చాలా కష్టమనిపించింది.

భయం దాడి చేసినప్పుడు అది పది నిమిషాల్లోపు పైకి చేరి, తర్వాత దానంతటదే దిగిపోతుంది, ప్రాణం పోదు. ఈ మాట చెప్పడం తేలిక, ఒంటికి నమ్మకం కలిగించడం కష్టం. ఒంటికి మాటలతో కాక అనుభవంతో చెప్పాలి. చీటీ వెనక మెట్లు రాసుకున్నాం. కొడుకుతో కలిసి డిపోకి వెళ్ళి క్యాంటీన్లో టీ తాగి రావడం. తర్వాత ఆపి ఉన్న బస్సులో డ్రైవరు సీట్లో ఇరవై నిమిషాలు కూర్చోవడం. తర్వాత ఇంజను వేసి కూర్చోవడం. తర్వాత పల్లెవెలుగులో ప్రయాణికుడిగా వెళ్ళడం, ముందు రెండు స్టాపులు, తర్వాత చివరిదాకా. షరతు ఒకటే. దడ వచ్చినప్పుడు దిగి పారిపోకూడదు. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదులుతూ, అది దిగేదాకా అక్కడే ఉండాలి.

దీన్ని ఆయన తన భాషలోకి మార్చుకున్నారు. "ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకు మీదే కాలుంచితే డ్రమ్ములు కాలిపోతాయమ్మా. గేరులో దించాలి. నేను ఇన్నాళ్ళూ దడని బ్రేకు తొక్కి ఆపుదామనుకున్నాను." అదే మాట ఇప్పుడు నేను వేరే రోగులకి చెప్తున్నాను, ఆయన అనుమతితోనే.

అల్ప్రాజోలం కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పది వారాల్లో ఆపేశాం. అది అలవాటుపడే మందు, మత్తు తెస్తుంది. స్టీరింగ్ పట్టే మనిషికి అసలే పనికిరాదు. డిపోలో ఒక అధికారి సహృదయుడు. గ్యారేజీ వైపు పని ఇచ్చి కొన్నాళ్ళు బండికి దూరంగా, డిపోకి దగ్గరగా ఉంచాడు. ఆ ఏర్పాటు నా మందు కంటే ఎక్కువ పనిచేసింది. మూడు నెలలు ఒక్క దడ కూడా లేకుండా గడిచాకే ఫిట్‌నెస్ ఇచ్చాను. ఇప్పుడు ఆయన పగటి సర్వీసు నడుపుతున్నారు. నైట్ హాల్ట్‌లు వద్దనుకున్నారు. అది ఓటమి అని నేను అనుకోను, ఆయనా అనుకోవడం లేదు.

తిరిగి పనిలో చేరే రోజు గురించి నాకొక పట్టింపు ఉంది. సోమవారం చేరనివ్వను. గురువారం చేరమంటాను. మూడు రోజులు పనిచేసేసరికి ఆదివారం వస్తుంది, మొదటి వారం గెలిచినట్టు ఉంటుంది. వీలైన చోట మొదటి రెండు వారాలు సగం పూట అడగమంటాను. అడిగితే ఇచ్చేవాళ్ళు మనం అనుకున్నదానికన్నా ఎక్కువమందే ఉన్నారు. ఆఫీసులో ఎవరైనా "ఏమైంది ఇన్నాళ్ళు?" అంటే చెప్పాల్సిన వాక్యం ముందే తయారు చేస్తాం, ఉయ్యూరు అబ్బాయికి చేసినట్టే. ఆ ప్రశ్న అడిగేవాళ్ళలో చెడ్డవాళ్ళు తక్కువ. జవాబు విన్నాక "నాకూ అలాగే ఉంటోంది, ఆ డాక్టరు నంబరు ఇస్తావా" అని చెవిలో అడిగినవాళ్ళు నా రోగుల జాబితాలో కనీసం పది పన్నెండు మంది ఉన్నారు.

మొదట చెప్పిన బ్యాంకు ఉద్యోగి పోయిన ఏడాది రిటైరయ్యారు. రెండు సార్లు జబ్బు తిరగబెట్టింది, రెండు సార్లూ మొదటి వారంలోనే వచ్చారు. రిటైర్మెంట్‌కి నెల ముందు కూడా వచ్చారు, ఒంట్లో ఏమీ లేకుండానే. "ఇది సెలవు కాదు కదమ్మా, ఇక తిరిగి చేరేది లేదు. పొద్దున లేచి ఏం చెయ్యాలో ఇప్పుడే రాసుకుందాం" అన్నారు. ఇద్దరం గంటసేపు కూర్చుని రాసుకున్నాం. ఇప్పుడాయన పొద్దున ఆరింటికి మనవణ్ణి ఈతకి తీసుకెళ్తున్నారు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి సెలవులో ఉంటే, "ఎప్పుడు చేరతావు" అని అడగకండి. "ఖాళీగానే ఉన్నావుగా" అనకండి. రేపు పొద్దున వాళ్ళని లేపి, మాట్లాడినా మాట్లాడకపోయినా, అరగంట పక్కన నడవండి. పదకొండు గంటల వేళ ఒకసారి ఫోన్ చెయ్యండి. చావు మాట వాళ్ళ నోట వినబడితే అది బెదిరింపనుకోకండి. అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, ఆలోగా 14416కి ఫోన్ చెయ్యండి. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ టెలీ మానస్ నంబరు అది. ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు.